బాలల నాటక విభాగం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

టోక్యోలో ఉంటున్న మన పిల్లలకు ఓని (కొమ్ముల దయ్యం), కప్పా (నీళ్లలో ఉండే వింత జీవి) బడిలోనే పరిచయం. అందుకే ఈ ఏడాది జపాన్ జానపద కథలే తీసుకున్నాం. వీటిలో దయ్యమో నక్కో ఇంటి మనిషిలా కలిసిపోతుంది. అదే మమ్మల్ని ఆకట్టుకుంది.

ఫిబ్రవరిలో సెత్సుబున్ నాటిక వేశాం. సోయా గింజలు విసిరి దయ్యాన్ని తరిమే పండగ అది. ఆ పండగకి ఇక్కడ చాలా ఇళ్లలో ఓని ముసుగు వేసుకునేది నాన్నే. మన నాన్నలూ వేసుకున్నారు, వేయించిన సోయా గింజల దెబ్బలు సంతోషంగా తిన్నారు.

పెద్ద ప్రదర్శన మాత్రం కుజునోహా కథ. 1734లో ఒసాకాలోని తకెమొతో-జా నాటకశాలలో బొమ్మలాటగా మొదలై, తర్వాత కబుకీ అనే సంప్రదాయ నాటకానికి వెళ్లింది. తనను కాపాడిన యసునా కోసం తెల్లనక్క అతనికి కాబోయే భార్య కుజునోహా రూపంలో వచ్చి, కాపురం చేసి, కొడుకుని కంటుంది. అసలు కుజునోహా రాగానే నక్క ఇల్లు వదలాలి. వెళ్లే ముందు షోజీ (కాగితం అతికించిన) తలుపు మీద వీడ్కోలు పద్యం రాస్తుంది: నేను గుర్తొస్తే షినోదా అడవికి వెతుక్కుంటూ రా అని. చంకలో బిడ్డ ఉంటాడు కాబట్టి కబుకీలో నటుడు కుంచెను నోట కరిచి కూడా రాస్తాడు. మన అమ్మాయి కూడా అలాగే రాసింది. సిరా కాగితం మీద కారుతుంటే, కొడుకు వేషం వేసిన చిన్నోడు ఆమె కొంగు వదల్లేదు. వాడికి డైలాగు లేదు, అవసరమూ పడలేదు.

తల్లి ఉండిపోయేలా ముగింపు మార్చమని కొందరు తల్లిదండ్రులు అడిగారు. వాళ్ల బెంగ అర్థమైంది, అయినా మార్చలేదు. వీసా 90 రోజులు అయిపోగానే అమ్మమ్మ, తాతయ్య విమానమెక్కడం ఈ పిల్లలు చూస్తూనే ఉన్నారు. ప్రేమ ఉన్నా వెళ్లాల్సి రావడం వాళ్లకి తెలియని సంగతి కాదు. దాన్ని అందరి మధ్యా కూర్చుని చూడటం పిల్లలకు మేలే చేస్తుందని నా గట్టి నమ్మకం.

జమాఖర్చులు కోశాధికారి సర్వసభ్య సమావేశంలో చదువుతారు. షోజీ కాగితం రిహార్సల్స్‌లోనే చాలా అయిపోయింది, వచ్చే బడ్జెట్లో దానికి కొంచెం ఎక్కువ కేటాయించాలి.

వచ్చే ఏడాదికి ఇవాతే ప్రాంతపు జషికి-వరషి అనుకుంటున్నాం. పాత ఇళ్లలో ఉండే పిల్ల దేవత అది. ఉన్నన్నాళ్లు ఇల్లు కళకళలాడుతుంది, వెళ్లిపోతే చితికిపోతుందని నమ్మకం. ఇందులో బామ్మ వేషం ఉంది. అప్పటికి ఇక్కడ ఉండబోయే పెద్దవాళ్లెవరైనా వేస్తే బాగుంటుంది. కుట్టుపని తెలిసినవాళ్లు కూడా కావాలి. సమావేశం రోజే పేర్లు ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి, బాలల నాటక విభాగం