నవంబరు 10న ఇద్దరూ ఒకే పేజీలో ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ఈ నెల 10వ తేదీ ఉదయం మా జిల్లా పేజీలో ‘నేడు రావిశాస్త్రి వర్ధంతి’ అన్న చిన్న వ్యాసం చదివాను. కాసేపటికి, కడపలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి అక్కడి జిల్లా పేజీని ఫోటో తీసి పంపింది. అందులో ‘నేడు సి.పి.బ్రౌన్ జయంతి’ అని ఉంది. రెండూ మీ పత్రికవే, ఒకే రోజువే. మా పేజీలో బ్రౌన్ ఊసు లేదు, కడప పేజీలో రావిశాస్త్రి ఊసు లేదు. తెలుగు మాటకు ఇంత చేసిన ఇద్దరినీ జిల్లా పొలిమేరలో ఆపేశారే అన్న బాధతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. రావిశాస్త్రిగా మనమెరిగిన కథకుడు రాచకొండ విశ్వనాథశాస్త్రి 1993 నవంబరు 10న కన్నుమూశారు. మధ్యలో సరిగ్గా 195 ఏళ్లు. ఇలా తేదీలు కలిసినప్పుడు ముందు కేలండర్ల సంగతి చూసుకోవడం నాకు అలవాటు. షేక్‌స్పియర్, సెర్వాంటెస్ 1616 ఏప్రిల్ 23న ఒకే రోజు మరణించారని తరచు చదువుతుంటాం. అప్పటికి స్పెయిన్ గ్రెగోరియన్ కేలండరుకు మారింది, ఇంగ్లండు ఇంకా పాత జూలియన్ కేలండరులోనే ఉంది. కాబట్టి ఆ రెండు తేదీల మధ్య పది రోజుల తేడా ఉంది. ఆబ్దికం తిథిని బట్టి పెట్టి, పుట్టినరోజు తేదీని బట్టి చేసుకునే మనకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. ఇంగ్లండు 1752లో కేలండరు మార్చుకుంది గనుక బ్రౌన్ పుట్టిన తేదీకి ఆ చిక్కు లేదు.

తేదీ కలవడం కాకతాళీయమే, ఒప్పుకుంటాను. నన్ను కదిలించేది వేరే పోలిక. ఇద్దరూ కోర్టుల్లో పనిచేసినవారు. బ్రౌన్ మచిలీపట్నం, రాజమహేంద్రవరం కోర్టుల్లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. రావిశాస్త్రి విశాఖపట్నంలో ప్లీడరు. నేను ముప్పై ఏళ్లకు పైగా ఉత్తరాంధ్ర కోర్టుల్లో బెంచి గుమాస్తాగా పనిచేశాను. వారిద్దరి పుస్తకాలూ నాకు ఆ బల్ల దగ్గరే అర్థమయ్యాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు కాగితాల్లోని మాటలే పెద్ద అడవిలా కనిపించేవి. ఫిర్యాది, ముద్దాయి, వకాల్తా, దాఖలు, జప్తు, జామీను, నకలు, దస్తావేజు. బడిలో చదివిన వ్యాకరణంలో ఇవి లేవు, కాని కోర్టు వరండాలో చదువురాని రైతు కూడా వీటిని తడబడకుండా పలికేవాడు. ఇటువంటి మాటలు అన్యదేశ్యాలని, అంటే పరభాషల నుంచి వచ్చినవని, పండితులు పక్కన పెట్టిన కాలంలో బ్రౌన్ వాటిని ఏరి, తెలుగులో కలిసిపోయిన మిశ్రభాషా పదాలకు, పరభాషా పదాలకు విడిగా ఒక నిఘంటువు కూర్చి 1854లో అచ్చు వేయించారు. 1852లో వచ్చిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును అందరూ తలుచుకుంటారు. ఈ చిన్న నిఘంటువును తలిచేవారు తక్కువ. నా దృష్టిలో మామూలు జనానికి ఆయన ఇచ్చిన గౌరవం ఇందులోనే ఎక్కువగా ఉంది.

బ్రౌన్ కంపెనీ కొలువు చేసిన మనిషన్నది మరువరాదు. శిస్తు వసూలుకూ విచారణకూ భాష అవసరమై నేర్చుకున్నారు. కాని అవసరం తీరాక కూడా ఆగలేదు. 1820లో కడపలో ఉద్యోగంలో చేరిన ఆయన, తరవాతి కాలంలో అక్కడే బంగళా కొని, జూలూరి అప్పయ్య వంటి పండితులకు తన డబ్బుతో జీతాలిచ్చి, తాళపత్రాలు తెప్పించి, పాఠాలు సరిచూపించారు. అందుకోసం అప్పుల పాలయ్యారు. 1829లో వేమన పద్యాలను అచ్చులోకి తెచ్చారు. 1832-33లో గుంటూరు సీమ డొక్కల కరవుతో అల్లాడినప్పుడు, పైవారికి ‘కొరత’ అన్న మాట ఇష్టమైతే బ్రౌన్ కాగితం మీద ‘కరవు’ అనే రాశారు. కాగితం మీద ఏ మాట పడుతుందన్నది ఎంత పెద్ద విషయమో బెంచి గుమాస్తాకు తెలుసు.

నాకు తెలిసిన తీరు ఒకటి చెబుతాను. 1996లో, రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం ఉన్న రోజుల్లో, నాటుసారా కేసులో ఒక ముసలమ్మను తెచ్చారు. నేరం ఒప్పుకుంటావా అని అడిగితే ఆమె పావుగంట మాట్లాడింది. కొడుకు వలస పోవడం, కోడలి కాన్పు, కుండ ఎవరిది, బెల్లం ఎవరు అప్పిచ్చారు, సారా ఎవరు తాగారు, ఎవరెవరికి ఎంతెంత ముట్టింది, చివరికి తానొక్కతే ఎందుకు దొరికింది, అంతా చెప్పింది. ఏడవలేదు. ఎవరినీ బతిమాలలేదు. కోర్టు హాలంతా విన్నది. కాగితం మీద నేను రాసింది రెండే మాటలు: ‘నేరం అంగీకరించినది.’ చట్టానికి కావలసింది అంతే. జడ్జిగారి తప్పూ లేదు, నా తప్పూ లేదు. అయినా ఆ పావుగంట ఎక్కడికి పోయిందని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లేచి రావిశాస్త్రి గారి ‘ఆరు సారా కథలు’ తీశాను. ‘మాయ’ కథలో ముత్యాలమ్మ మాట్లాడుతూనే ఉంటుంది, కుర్ర ప్లీడరు వింటాడు. నేను రాయలేకపోయిన పావుగంట అక్కడ, ఆవిడ పలుకుబడితో సహా, అచ్చులో ఉంది. ఆ కథ అంతకు ముప్పై అయిదేళ్ల నాటిది. పూర్వం మద్యనిషేధం ఉన్న కాలంలో ఈ కోర్టుల చుట్టూ విన్నవాటినే ఆయన రాశారు.

రావిశాస్త్రి గారిని చాలామంది యాసకోసం మెచ్చుకుంటారు. అది సరిపోదని నా అభిప్రాయం. ఒక మనిషి తన గోడు చెప్పుకుంటున్నప్పుడు మధ్యలో అడ్డు తగలకుండా చివరిదాకా వినడం ఆయన గొప్పతనం. కోర్టులో అందుకు సమయం చాలదు. ‘అల్పజీవి’లోని సుబ్బయ్యకూ, ‘రాజు-మహిషి’లోని మనుషులకూ కథలో ఆ సమయం దొరికింది. బ్రౌన్ కూడబెట్టిన మాటలు, నూరేళ్ల తరవాత రావిశాస్త్రి కథల్లో బోనెక్కి మాట్లాడాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే తప్ప నాకు ఇది తట్టలేదు. అందుకే జిల్లా పేజీల విభజన నన్ను ఇంతగా నొప్పించింది.

కడపలో బ్రౌన్ బంగళా ఉన్న చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఎంతో శ్రమపడి ఆయన పేర గ్రంథాలయం నిలబెట్టారు. బ్రౌన్ మాత్రం 1884 డిసెంబరు 12న లండనులో మరణించారు, సమాధి అక్కడే కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంది. పుట్టింది బెంగాలులో, పోయింది లండనులో. ఆయనను కడప జిల్లాకే పరిమితం చేయడానికి ఏ కారణమూ కనిపించదు. రావిశాస్త్రి గారి సంగతీ అంతే. పేదవాడికీ చట్టానికీ మధ్య జరిగే తగవు విశాఖలోనే జరుగుతుందా?

నా మనవి ఇది. వచ్చే నవంబరు 10న ఇద్దరి గురించీ అన్ని ఎడిషన్లలో వచ్చే ప్రధాన పేజీలో ఒకేచోట రాయండి. రెండు ఫోటోలు, రెండు తేదీలు వేసి ఊరుకోకండి. బ్రౌన్ మిశ్రభాషా నిఘంటువు నుంచి పది కోర్టు మాటలు, వాటికి ఆయన ఇచ్చిన అర్థాలు వేయండి. పక్కనే రావిశాస్త్రి కథ నుంచి అనుమతి తీసుకుని ఒక పేరా వేయండి. నాలుగు రోజులకే, 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి. ఆ వారమంతా ఈ ఇద్దరి పుస్తకాలూ ఒకే బల్ల మీద ఉంచమని గ్రంథాలయాల వారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

మా జిల్లా పేజీ కత్తిరించి ఉంచాను. కడప పేజీ దాచిపెట్టమని మా అమ్మాయికి చెప్పాను. మీకు ఉపయోగపడతాయంటే రెండూ పంపిస్తాను.

విశ్రాంత కోర్టు ఉద్యోగి,
అనకాపల్లి