పంపు సీలు తీసినవారు చీటీ రాసివ్వాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

కడపలో 26 ఏళ్లుగా లారీ ఇంజన్ల డీజిల్ పంపులు (ఇంజన్‌కు డీజిల్‌ను కొలిచి పంపేవి), నాజిళ్లు (దాన్ని సిలిండర్లోకి చిమ్మేవి) బాగుచేసే పని నాది. గువ్వలచెరువు ఘాటులో లారీ ఆగిపోయి ట్రాఫిక్ నిలిచిందనో, బోల్తా పడిందనో పేపర్లో వచ్చినప్పుడల్లా లోడెంత, బ్రేకులు పడ్డాయా, డ్రైవరు నిద్రపోయాడా అని అడుగుతారు. అవన్నీ అడగాల్సినవే. డీజిల్ కొలత ఎవరూ మార్చకుండా ఆ ఇంజన్ పంపు మీద వేసిన సీలు ఉందా, ఎవరన్నా తెంచారా అని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగగా నేను చూడలేదు. అందుకే ఈ ఉత్తరం.

"అన్నా, బండి గుంజడం ల్యా. పంపు రవ్వంత పెంచు." వారానికి ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు ఈ మాటతోనే నా షాపు మెట్లెక్కుతారు. ఎర్రగుంట్ల సిమెంటు, జమ్మలమడుగు వైపు నుంచి బండలు వేసుకుని రాయచోటి మీదుగా పోయే బండ్లు వీళ్లవి. వాళ్ల తొందర నాకు తెలుసు. ఘాటులో గంట పోతే అన్‌లోడింగ్ మరుసటి రోజుకు పడుతుంది, ఒక కిరాయి పోయినట్టే. నేను కాదంటే హైవే పక్కన పది నిమిషాల్లో చేసిపెట్టేవాళ్లు ఉన్నారు. కటింగ్ ప్లేయరుతో సీసం సీలు తెంచి, లాక్ నట్టు వదులు చేసి, డీజిల్ ఎక్కువలో ఎక్కువ ఎంత పోవాలో పెట్టే ఫుల్ లోడ్ స్క్రూ ఒక చుట్టు తిప్పితే బండి ముందుకు దూకుతుంది. వెనక నల్లగా పొగ లేస్తుంది. ఆ పొగే బలమనుకునే డ్రైవర్లు ఇంకా ఉన్నారు. అది సరిగా కాలని డీజిల్. డబ్బు పోసి కొన్నదే అట్లా పైపులోంచి పోతోంది.

టర్బో (పొగ తోపుతో తిరిగి ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపేది) ఉన్న ఇంజన్‌లో డీజిల్ ఎంత పోవాలో తేల్చేది గాలి. కిలో డీజిల్ పూర్తిగా కాలడానికి లెక్క ప్రకారం 14.5 కిలోల గాలి కావాలి. కానీ సిలిండర్లో డీజిల్, గాలి అంత బాగా కలవవు కాబట్టి పొగ రాకుండా కాలాలంటే 18 నుంచి 20 కిలోలైనా ఉండాలి. అందుకే పాత మైకో కంపెనీ పంపుల్లో టర్బో బండ్లకు గవర్నరు (ఇంజన్ వేగాన్ని అదుపు చేసే భాగం) మీద ఒక చిన్న డబ్బా పెట్టారు. అందులో డయాఫ్రమ్ అనే రబ్బరు పొర ఉంటుంది. టర్బో ప్రెషర్ సన్న పైపులో వచ్చి దాన్ని నొక్కితేనే, డీజిల్ కొలతను మార్చే ర్యాక్ అనే కడ్డీ ముందుకు జరిగి డీజిల్ పెరుగుతుంది. గాలి రాకపోతే డీజిల్ కూడా రాదు. బండి గుంజడం లేదంటే చాలాసార్లు పంపు తప్పేమీ ఉండదు. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉంటుంది. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ హోసు క్లిప్పు దగ్గర పగిలి ఉంటుంది. లేదా ఆ డయాఫ్రమ్ చిరిగి ఉంటుంది, గోరంత చిరుగు చాలు. అవేవీ చూడకుండా స్క్రూ తిప్పడం ఊపిరాడనివాడికి ఇంకో ముద్ద కుక్కినట్టే.

2019లో నా సొంత తమ్ముడి బండికే ఇది జరిగింది. 2012 మోడల్, ఆరు సిలిండర్ల ఇంజన్. ఫిబ్రవరిలో నంద్యాల దాటాక బండి లాగలేదని దారిలో ఎవరితోనో పంపు పెంచించుకున్నాడు. నేను తిడతానని నాకు చెప్పలేదు. ఏప్రిల్‌లో వేరే ఊళ్లో ఇంకో షెడ్డులో డయాఫ్రమ్ చిరిగిందని కనిపెట్టి కొత్తది వేశారు. రెండోవాళ్లు చేసింది మంచి పనే. కానీ మొదట ఎవరో స్క్రూ తిప్పారని వాళ్లకేం తెలుసు? ఎక్కడా ఒక ముక్క రాసి లేదు. చిరిగిన డయాఫ్రమ్ లోటు తీర్చడానికి పెంచిన స్క్రూ అట్లాగే ఉంది, దానిమీద డయాఫ్రమ్ కూడా పూర్తిగా పనిచేయడం మొదలుపెట్టింది.

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు, గువ్వలచెరువు ఘాటు ఎక్కుతూ సిమెంటు లోడు. నీళ్ల మీటరు మామూలుగానే ఉందని వాడు ఇప్పటికీ అంటాడు, నిజమే అయివుంటుంది. మీటరు చూసేది నీళ్ల వేడిని, పిస్టన్ తల వేడిని కాదు. రెండో గేరులో ఉండగా టప్‌మని శబ్దం వచ్చి, ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టంలోంచి పొగ చిమ్మి, మలుపులో ఇంజన్ ఆగిపోయింది. ఇంజన్ ఆగితే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకు ట్యాంకుల్లో ఉన్న గాలే తప్ప కొత్త గాలి నిండదు. వెనక ఆర్టీసీ బస్సు వస్తోంది. క్లీనర్ పిల్లోడు దూకి రాళ్లు పెట్టాడు కాబట్టి బండి నిలిచింది.

హెడ్ నేనే విప్పాను. మూడో పిస్టన్ తలలో నా బొటనవేలు పట్టేంత రంధ్రం. అంచులు కరిగిన మైనంలా జారి గడ్డకట్టి ఉన్నాయి. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది. సిలిండర్లో మంట దానికి మూడింతల వేడి. నాజిల్, ఆయిల్, గాలి అన్నీ లెక్కలో ఉన్నంతసేపే ఆ పిస్టన్ నిలబడుతుంది. పంపు తెచ్చి, అది ఎంత డీజిల్ పోస్తోందో కొలిచే టెస్ట్ బెంచీ మీద ఎక్కించాను. ఆరు గాజు గొట్టాలు వరసగా ఉంటాయి. కంపెనీ షీటులో చెప్పిన రెవల్యూషన్ల దగ్గర, చెప్పినన్ని స్ట్రోకులు కొట్టాక ఆరింటిలోనూ నూనె ఒకే గీత దగ్గర ఆగాలి. ఆ రోజు ఆరూ గీత దాటాయి. షీటు కన్నా దాదాపు పావు వంతు ఎక్కువ. మూడో గొట్టం మిగతావాటి కన్నా ఇంకా పైకి నిలబడింది. ఘాటులో తమ్ముడు అనుభవించింది ఆ గొట్టంలో కనబడింది.

మన ఎండలు కూడా లెక్కలో పెట్టుకోవాలి. 20 డిగ్రీల చలికాలం పొద్దునతో పోలిస్తే 45 డిగ్రీల ఎండలో గాలి ఇంచుమించు 8 శాతం పలచబడుతుంది. జనవరిలో పొగ లేకుండా పెట్టిన సెట్టింగే మేలో పొగ కక్కుతుంది. పంపును ఎప్పుడూ ఎండాకాలాన్ని తలుచుకునే పెట్టాలి.

పంపు ముట్టుకోవద్దని నేను చెప్పడం లేదు, నా అన్నమే దాంట్లో ఉంది. ముందు గాలి దారి మొత్తం చూడాలి. తర్వాత డీజిల్ ఫిల్టరు, నాజిళ్లు, టైమింగ్ చూడాలి. అవన్నీ బాగున్నాక పంపు విప్పి బెంచీ మీదికి తేవాలి. బండి మీదే స్క్రూ తిప్పక తప్పని పరిస్థితి వస్తే, ఉన్న చోట పెయింటుతో గుర్తు పెట్టి, చుట్టులో ఎనిమిదో వంతు మాత్రమే తిప్పి, లోడుతో ఎక్కుడు దారిలో నడిపి చూడాలి. టర్బోకు ముందు పొగ పైపు వేడి చూపే మీటరు ఒకటి ఉంటే ప్రాణం నిబ్బరంగా ఉంటుంది. లోడు మీద అది 700 డిగ్రీలు దాటుతుంటే యాక్సిలరేటర్ మీద కాలు తీయాల్సిందే, స్క్రూ వెనక్కి తిప్పాల్సిందే. ఇంజన్ వేగానికి హద్దు పెట్టే, గవర్నరు మీది హై స్పీడ్ స్క్రూను మాత్రం ఎవరూ, ఎందుకూ ముట్టరాదు. ర్యాక్ ఇరుక్కుని ఇంజన్ అదుపు తప్పి అరుస్తుంటే తాళం తీసినా ఆగదు, గాలి పైపు మూయాలి. ఆ అరుపు నేను జీవితంలో ఒక్కసారే విన్నాను, ఇంకోసారి వినాలని లేదు.

కొత్త బండ్ల సంగతి వేరు. అన్ని నాజిళ్లకూ ఒకే పైపు నుంచి పెద్ద ప్రెషర్‌తో డీజిల్ అందే కామన్ రైల్‌లో తిప్పడానికి స్క్రూ లేదు, డీజిల్‌ను కంప్యూటరే కొలుస్తుంది. అందుకని ఇప్పుడు చిప్పు పెట్టడం, లాప్‌టాప్‌తో పెంచడం వచ్చాయి. పేరు మారింది, పిస్టన్ అదే అల్యూమినియం. బీఎస్-6 బండ్లలో అయితే ఆ మసి మొదట పొగ ఫిల్టరును పూడుస్తుంది. ఇక్కడ కుర్ర మెకానిక్‌లకు ఒక మాట. పాత ఇంజన్లలో ఏ సిలిండర్ కొట్టడం లేదో చూడటానికి నడుస్తుండగానే నాజిల్ పైపు నట్టు వదులు చేసేవాళ్లం. కామన్ రైల్ మీద ఆ పని ఎప్పటికీ చేయకండి, నాయనా. లోపల ప్రెషర్ 1600 బార్ దాకా, అంతకు మించీ ఉంటుంది. కంటికి కనబడని సన్న డీజిల్ ధార చర్మం చీల్చుకుని వేలిలోకి దిగుతుంది. చిన్న గాయమే కదా అని గుడ్డ కట్టుకుంటే వేలు తీసేయాల్సి రావచ్చు.

పొగ పరీక్షతో ఇవన్నీ బయటపడతాయి కదా అని అడగవచ్చు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 115వ నియమం ప్రకారం పాత డీజిల్ బండ్లకు 65, బీఎస్-4 బండ్లకు 50 హార్ట్‌రిడ్జ్ యూనిట్ల (పొగ ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత) హద్దు ఉంది. మంచిదే. కొన్నిచోట్ల పైపులో ప్రోబ్ పెట్టకుండానే కాగితం చేతికొస్తోంది, అది ఆగాలి. కానీ పరీక్ష నిజాయితీగా చేసినా, న్యూట్రల్‌లో ఖాళీ ఇంజన్‌ను రేజ్ చేసి చూసేదే కదా. లోడు లేకపోతే టర్బో పూర్తి ప్రెషర్‌కు రాదు. ఘాటులో నల్లటి పొగ కక్కే బండి అక్కడ పాసై బయటికి రాగలదు. తమ్ముడి బండికి ఆ నెలలోనే పొల్యూషన్ కాగితం ఉంది.

అందుకే రవాణా శాఖ వారిని అడిగేది ఒక్కటి. మెకానికల్ పంపు ఉన్న ప్రతి సరుకు లారీ ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) వచ్చినప్పుడు పంపు బెంచీ చీటీ చూపించాలని నిబంధన పెట్టండి. బండి నంబరు, పంపు నంబరు, ఏ రెవల్యూషన్ల దగ్గర ఎన్ని సీసీలు వచ్చిందీ, డయాఫ్రమ్‌ను ఎంత ప్రెషర్ దగ్గర చూసిందీ, తేదీ, సీలు మీద షాపు గుర్తు ఉంటే చాలు. ఎనిమిదేళ్లు దాటిన బండ్లు ఎట్లాగూ ఏటా ఎఫ్‌సీకి వస్తున్నాయి. మధ్యలో ఎవరైనా సీలు తీస్తే తీసినవాళ్లు ఇంకో చీటీ రాయాలి. రోడ్డు పక్క మెకానిక్‌ల కడుపు కొట్టమని కాదు. హోసులు, ఫిల్టర్లు, సన్న పైపు చూసే పని వాళ్లదే, సగం జబ్బులు అక్కడే పోతాయి. మన ఐటీఐలలో డీజిల్ మెకానిక్ ట్రేడు ఏడాది కోర్సు ఉంది. అక్కడ చదివి నా దగ్గరికి వచ్చిన పిల్లలు గాజు గొట్టాలు నిండటం మొదటిసారి ఇక్కడే చూశామన్నారు. వాళ్లను నెలకొక రోజు ఏదో ఒక పంపు షాపుకు పంపితే చాలా మేలు.

తమ్ముడి బండి అయిన తర్వాత నుంచి నా షాపులో ప్రతి పంపుకూ చీటీ రాసిస్తున్నాను, కార్బన్ కాపీ నా దగ్గర ఉంచుకుంటున్నాను. అధికారులు ఎవరైనా నమూనా అడిగితే ఆ పుస్తకాలు తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
ఒక డీజిల్ పంపు మెకానిక్,
కడప