శుక్రవారం మైదానంలో జరిగిన సంగతి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

గత శుక్రవారం ఆటల పీరియడ్‌లో జరిగినది వాట్సాప్ గ్రూపుల్లో రకరకాలుగా తిరుగుతోంది కాబట్టి, ఉన్నదున్నట్టు నేనే చెబుతాను. రగ్బీ ఫైనల్లో మన తొమ్మిదో తరగతి అమ్మాయి బంతితో పరిగెడుతూ పడింది. తల నేలకు తగిలింది. వెంటనే లేచి "నాకేం కాలేదు సార్, ఆడతాను" అంది. పీఈటీ సార్ ఒప్పుకోలేదు. చెయ్యి పట్టుకుని గీత బయటికి తెచ్చి నా పక్కన కూర్చోబెట్టారు. స్కోరెంత మేడమ్ అని అడిగింది, చెప్పాను. రెండు నిమిషాలు కాకముందే మళ్లీ అదే అడిగింది. దెబ్బకు మెదడు అదిరిందేమోనని అనుమానమొచ్చి అప్పుడే ఇంటికి ఫోన్ చేసి, ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఇప్పుడు కులాసాగా ఉంది.

ఆ తర్వాత నాకు రెండు రకాల ఫోన్లు వచ్చాయి. ఆడపిల్లలకు ఈ మొరటాట ఎందుకని కొందరు. ఆ మాత్రం దెబ్బకు ఫైనల్ ఆడనివ్వరా అని ఇంకొందరు. ఇద్దరికీ నేను చెప్పేది ఒకరి గురించే: న్యూజిలాండ్ రగ్బీ క్రీడాకారిణి పోర్షియా వుడ్‌మన్.

ఆమె పుట్టింది అక్కడి కైకోహె అనే ఊళ్లో. తండ్రి, పెదనాన్న వరస ఆయన ఇద్దరూ ఆల్ బ్లాక్స్ (న్యూజిలాండ్ పురుషుల రగ్బీ జట్టు) జెర్సీ వేసుకున్నవాళ్లే. అయినా ఆమె మొదట పేరు తెచ్చుకున్నది నెట్‌బాల్‌లో. 2016 రియో ఒలింపిక్స్‌లో రగ్బీ సెవెన్స్ (జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ) ఉంటుందని తేలాక, వేరే ఆటల్లోని చురుకైన అమ్మాయిల కోసం న్యూజిలాండ్ 2012లో శిబిరాలు పెట్టి వెతికింది. అలా వచ్చింది ఈమె. రియో ఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో 24-17తో ఓడి రజతంతో తిరిగొచ్చింది. మరుసటేడు, జట్టుకు పదిహేను మంది ఆడే రగ్బీ ప్రపంచ కప్‌లో హాంకాంగ్ మీద ఒక్క మ్యాచ్‌లోనే 8 ట్రైలు! బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనిస్తే ట్రై, దానికి 5 పాయింట్లు. ఎనిమిదంటే ఆమె ఒక్కతే 40. ఆ ఏడాది ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి కూడా ఆమే. తర్వాత కాలి గాయాలతో చాలాకాలం ఆటకు దూరమైంది. కోలుకుని వచ్చి టోక్యోలో స్వర్ణం గెలిచింది.

ఇక 2022 ప్రపంచ కప్ ఫైనల్. సొంత దేశం, ఆక్లాండ్‌లోని ఈడెన్ పార్క్ మైదానం, 42 వేలకు పైగా జనం. ప్రపంచ కప్‌లలో మొత్తం 20 ట్రైల రికార్డు అప్పటికే ఆమె పేరున ఉంది. 18వ నిమిషంలో తలకు గట్టి దెబ్బ తగిలింది. భుజాల కంటే పైన ఢీకొట్టడం ఈ ఆటలో పెద్ద తప్పు. ఢీకొట్టిన ఇంగ్లండ్ అమ్మాయికి రెడ్ కార్డ్ ఇచ్చారు. పోర్షియా ఆ మ్యాచ్‌లో మళ్లీ ఆడలేదు. అంతటి క్రీడాకారిణిని, అంతటి రోజున, బయట కూర్చోబెట్టారండీ! జట్టు 34-31తో గెలిచింది. ఆమె 2024లో పారిస్‌లో ఇంకో స్వర్ణం అందుకుంది, 2025 ప్రపంచ కప్‌కూ వచ్చింది. దెబ్బకు మెదడు అదిరిందన్న (కంకషన్) అనుమానం వస్తే చాలు, ఆ రోజుకు ఆట బంద్ అన్నది ప్రపంచమంతటా రగ్బీ నియమం. మన బడిలోనూ అంతే. దీని మీద దయచేసి నాకు ఎవరితోనూ సిఫారసు చేయించకండి.

మన జట్టు గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. తోటి పిల్ల బయటికెళ్లాక ఆరో తరగతి నుంచి వచ్చిన చిన్నది ఆమె స్థానంలో దిగి, తనకంటే జానెడు ఎత్తున్న అమ్మాయిని నడుం దగ్గర ఎంత పద్ధతిగా పట్టి ఆపిందో! నేను కుర్చీలోంచి లేచిపోయాను. కెప్టెన్ అయితే గెలిచిన కప్పు పట్టుకుని నేరుగా ఆసుపత్రికే వెళ్లింది.

ఇంటి విషయాలు కాస్త చూడండి. ప్రాక్టీస్‌కు వచ్చే పిల్లల్లో సగం మంది ఖాళీ కడుపుతో వస్తున్నారు. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చేతిలో ఉంటే పొద్దున కాళ్లు ఎలా కదులుతాయి? గోళ్లు కత్తిరించమని, చెవి దిద్దులు తీసి పంపమని డైరీలో మూడుసార్లు రాశాం. సంతకాలు మాత్రం వచ్చాయి. "తలనొప్పి ఉందని సార్‌కు చెప్పకు" అని పిల్లలకు నేర్పి పంపడం మాత్రం మానండి, మీకు పుణ్యముంటుంది.

ప్రోగ్రెస్ కార్డులు శనివారం ఇస్తాం, బస్సు వేళల్లో మార్పు నోటీసు బోర్డులో ఉంది, లైబ్రరీ పుస్తకాలు తిరిగి పంపండి.

సోమవారం నుంచి ప్రాక్టీస్ మామూలే. డాక్టరు గారు చీటీ రాసిచ్చేవరకు ఆ అమ్మాయి ఆడదు. స్కోరు పుస్తకం తనే రాస్తానంది, ఇచ్చాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు