పెద్దదొరగారి అప్పు మీ పుస్తకాల్లో లేదంటే సరిపోతుందా?

మేనేజర్ గారికి,

కందుకూరు దగ్గరి పల్లె నుంచి రాస్తున్నాను. పోయిన పెద్దదొరగారు బతికుండగా మా నాయన దగ్గర అప్పు తీసుకున్న మూడు లక్షల గురించి పంపిన నోటీసుకి మీ ఆఫీసు నుంచి రెండు ముక్కల జవాబు వచ్చింది. "అది ఆయన సొంత అప్పు, కంపెనీ పుస్తకాల్లో లేదు, పైగా కాలదోషం పట్టింది" అన్నారు. చదివితే నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. దానికి ముందు పంపిన ఉత్తరానికి మీవాళ్లు పట్టుకున్న తప్పేంటంటే, అడ్రసులో ప్రకాశం జిల్లా అని ఉందట! కందుకూరు 2022లో నెల్లూరు జిల్లాలో కలిసింది, మా నాయనకి పాత అలవాటు పోలేదు, అంతే. జిల్లా మారితే బాకీ తీరిపోతుందా?

జమీందారీలు 1948 చట్టంతోనే పోయినా మా ఊళ్లో పెద్దదొరగారి ఇంటిని ఇప్పటికీ దివాణం అనే అంటారు, ఆ గౌరవంతోనే మా నాయన వెనకా ముందూ చూడకుండా ఇచ్చాడు. 2012 జూన్‌లో, దివాణం మిద్దె కురుస్తోంది, రిపేరు చేయించాలి అని పెద్దదొరగారే కబురు పెట్టారు. ఆ ఏడు కందుకూరు వేలంలో పొగాకు అమ్మగా వచ్చిన డబ్బు అది, రాత్రిళ్లు బ్యారన్ (పొగాకు కాల్చే కొట్టం) దగ్గర నిద్ర మానుకుని కాల్చిన పొగాకు. నూటికి రూపాయిన్నర వడ్డీకి ప్రామిసరీ నోటు రాసి, రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకం పెట్టి ఇచ్చారు. మాట తప్పే మనిషి కాదు, ఆ విషయంలో ఆయన్ని ఏమీ అనను.

ఇక కాలదోషం సంగతి. నోటు మీద దావా వేయడానికి మూడేళ్లే గడువని, అది దాటితే కాలదోషం పట్టినట్టేనని మాకూ తెలుసు. కానీ మీవాళ్లు నోటు వెనక్కి తిప్పి చూశారా అసలు? 2015 మే, 2018 ఏప్రిల్, 2021 మార్చి, 2023 ఫిబ్రవరి, నాలుగు చెల్లులున్నాయి (కొంత డబ్బు కట్టినట్టు రాసినవి), ప్రతిదీ మూడేళ్లు నిండకముందే వేసింది, రాత ఆయనదే, సంతకమూ ఆయనదే. చివరిది పాతిక వేలకి. అప్పటికే చెయ్యి వణుకుతోంది కాబోలు, అక్షరాలు గీత దాటి కిందికి జారాయి, అయినా తేదీ మాత్రం స్పష్టంగా వేశారు. 1963 లిమిటేషన్ చట్టం సెక్షన్ 19 ప్రకారం ఇలా చెల్లు వేసిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. అంటే 2026 ఫిబ్రవరి దాకా గడువుంది, ఈ ఉత్తరం రాస్తున్నది 2025 నవంబరులో. మీ లాయరుగారిని అడగండి, చెబుతారు.

సొంత అప్పు అన్నారు కదా, అవును, సొంత అప్పే. మనిషి పోతే ఆ బాకీ ఆయన వదిలిన ఆస్తిలోంచి తీర్చాలి, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 37 చెప్పేది అదే. వారసులు తమ జేబులోంచి ఇవ్వక్కర్లేదు, వచ్చిన ఆస్తి మేరకే. మరి ఆ ఆస్తి ఎక్కడుంది? బజారులో షాపులూ దివాణం స్థలమూ ఆయన పోయాక చిన్నదొరగారు మీ కంపెనీ పేరు మీదికి మార్చారు, నెలనెలా అద్దెలు మీరే వసూలు చేసుకుంటున్నారు, డైరెక్టరు కూడా ఆయనే. అద్దె వసూలుకైతే దొరగారి ఆస్తి కంపెనీది, బాకీ దగ్గరికొచ్చేసరికి దొరగారెవరో తెలియదు. ఇదెక్కడి న్యాయం?

మేం పీక మీద కత్తి పెట్టడం లేదు. అసలు మూడు లక్షలూ, 2023 ఫిబ్రవరి నుంచి నూటికి రూపాయి వడ్డీ ఇవ్వండి, అంతకుముందు వడ్డీలో మిగిలింది వదిలేస్తామని మా నాయనే అన్నాడు. నాకు ఇష్టం లేదు, అయినా ఆయన మాట. డబ్బు ఒకేసారి కుదరకపోతే రెండు విడతలుగా ఇచ్చినా ఫర్వాలేదు, కానీ ఆ ఒప్పుకోలు కాగితం మీద కంపెనీ సీలుతో కావాలి, చిన్నదొరగారి సంతకం కూడా ఉండాలి. "చూద్దాం, రండి" అనే ఫోన్లు ఇక వద్దు. డిసెంబరు 15 లోపు జవాబు రాకపోతే దావా వేస్తాం, చిన్నదొరగారినీ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి.

నోటు జిరాక్సు, వెనక పేజీతో సహా, దీంతో జత చేశాను. ఒరిజినల్ చూడాలంటే కందుకూరులో మా లాయరుగారి ఆఫీసుకి రండి. డబ్బు ముట్టకముందు అది మీ చేతికి ఇచ్చేది లేదు.

ఇట్లు,
నోటుదారు కొడుకు