పాత పికప్ కొనేముందు బండి కిందికి దూరి చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రికలో చిన్న ప్రకటనల పేజీ నేను రోజూ చదువుతాను. పాత పికప్‌ల ప్రకటనలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్, కొత్త టైర్లు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఉంది. ఇంజిన్ గురించి రాస్తారు, పెయింట్ గురించి రాస్తారు, పాటల సిస్టమ్ గురించి కూడా రాస్తారు. ఆ బండి ఇన్నాళ్లూ ఏ సరుకు మోసిందో మాత్రం ఒక్కరూ రాయరు. మా గోదావరి డెల్టాలో పాత బండి కొనేవాడు మొదట అడగాల్సింది అదేనని నా అనుభవం. మా పక్క వీధి కుర్రాడొకడు డిగ్రీ అయ్యాక కిరాయిలకు తోలుకుందామని, వాళ్ల అమ్మ తెచ్చిన డ్వాక్రా లోను డబ్బుతో పికప్ కొనబోతున్నాడు. అతనికి చెప్పిన మాటలు ఇంకొంతమందికి పనికొస్తాయని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాది అంబాజీపేట మండలం. కొబ్బరి వ్యాపారం. తోటల్లో దింపు అయ్యాక కాయ ఒలిపించి మార్కెట్‌కి, రావులపాలెంలో లారీలకు చేరవేస్తాను. చాలాకాలం కిరాయి వ్యాన్ల మీదే నడిపాను. సీజన్‌లో వ్యాన్ దొరక్క కాయ రెండేసి రోజులు తోటలోనే పడి ఉండేది. అందుకని 2024 వేసవిలో సొంతానికి పాత పికప్ ఒకటి కొన్నాను. 2019 మోడల్, రూ.5.40 లక్షలు. అందులో లక్షన్నర మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి తెచ్చినదే. అది ఏ కంపెనీ బండో రాయను, తప్పు కంపెనీది కాదు కాబట్టి.

కొనేముందు చూడలేదని కాదు. తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్లాను. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి చూశాడు, పొగ ఎగదన్నలేదు. బ్యాక్ కంప్రెషన్, అంటే ఇంజిన్ లోపలి గ్యాస్ వెనక్కి తన్నడం, లేదన్నాడు. సైలెన్సర్‌లోంచి నీలం పొగ గానీ తెల్ల పొగ గానీ రాలేదు. గేర్లు మెత్తగా పడ్డాయి. వంగి చూస్తే ఛాసీ (బండి కింది ఇనుప చట్రం) అంతా నల్లగా నిగనిగలాడుతోంది. "ఎంత శుభ్రంగా ఉంచుకున్నామో చూడండి" అన్నాడు అమ్మినాయన. నేనూ అదే అనుకున్నాను.

మూడో నెలలో ఒక సాయంత్రం మా బావమరిది కొడుకు రెండువేల కాయ లోడుతో ఏటిగట్టు మీద నుంచి ఊళ్లోకి దించుతున్నాడు. బ్రేక్ తొక్కితే పెడల్ నేలకి అంటుకుపోయింది. కుర్రాడు కంగారు పడకుండా గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేక్ లాగి, రోడ్డు పక్కన పోసి ఉన్న కొబ్బరి డొక్కల గుట్టలోకి తిప్పేశాడు. ఆ గుట్ట లేకపోతే ఎదురుగా రామాలయం అరుగు. ఆ వేళప్పుడు పిల్లలు అక్కడే ఆడుకుంటారు. ఇప్పటికీ ఆ మలుపు దగ్గరికి వస్తే నాకు కాళ్లు వణుకుతాయి.

మర్నాడు బండిని షెడ్డులో పైకి లేపించాం. వెనక చక్రాలకు పోయే బ్రేక్ పైపుని తుప్పు తినేసింది. అక్కడే పగిలింది. టింకరింగ్ మేస్త్రి ఆ నల్లరంగు మీద స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కాడు. ఛాసీకి అడ్డంగా ఉండే పట్టీలోకి అరటి బోదెలోకి దిగినట్టు దిగిపోయింది. కమాన్లు (బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు) బిగించే చోట ఎప్పుడో ప్యాచ్ వెల్డింగ్ చేసి దాని మీద కూడా రంగు కొట్టేశారు. "ఇది రొయ్య తోలిన బండి బాబాయ్. ఈ రంగు వేసి ఏడాది కూడా అయ్యుండదు" అన్నాడు మేస్త్రి.

ఆయన చెప్పింది నిజమే. సీటు వెనక అరలో పాత ఇన్సూరెన్స్ కాగితం ఒకటి దొరికింది. దాని మీద ఉన్నది సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఊరి పేరు. అటువైపు చుట్టాల ద్వారా అడిగిస్తే ఆ బండి మూడేళ్లు రొయ్యల చెరువుల దగ్గర పట్టుబడులకు, అంటే పట్టిన రొయ్యని తోలడానికి, తిరిగిందని తెలిసింది. ఇదివరకు నంబర్ చూస్తే కొంత అర్థమయ్యేది. ఏపీ 05 అంటే తూర్పు, ఏపీ 37 అంటే పశ్చిమ గోదావరి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకే కోడ్ వచ్చాక, బండి ఉప్పు గాలిలో పెరిగిందో మెట్ట ప్రాంతంలో పెరిగిందో నంబర్ చెప్పదు. పాత ఇన్సూరెన్స్‌లు, సర్వీసు బిల్లులు అడిగి ఊరు చూసుకోవాలి.

రొయ్యల బండి ఎందుకు పాడవుతుందో చెప్తాను. రొయ్యని ట్రేల్లో ఐస్ వేసి తెస్తారు. దారి పొడుగునా ఐస్ కరిగి, చెరువు ఉప్పునీటితో కలిసి ట్రాలీ సందుల్లోంచి ఛాసీ మీదికి కారుతుంది. ఛాసీ లోపలి బోలులో చేరిన ఉప్పుని ఎంత కడిగినా పూర్తిగా పోదు. ఉప్పు చెమ్మని పట్టి ఉంచుతుంది, అందుకే బండి షెడ్డులో ఊరికే ఉన్నా తుప్పు ఆగదు. ఎండుచేపలు తోలిన బండికీ ఇదే సంగతి. రొయ్యల రైతుని గానీ ఆ బండ్లు తోలేవాళ్లని గానీ నేను తప్పుపట్టడం లేదు, అది వాళ్ల బతుకు. అమ్మేటప్పుడు ఆ మాట చెప్పి, దానికి తగిన ధరకి అమ్మాలి. రంగు కొట్టి దాచడమే నాకు నచ్చనిది.

వరద బండి సంగతి వేరు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వెళ్లినప్పుడు లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. గట్టు మీదికి చేర్చలేని బండ్లు అక్కడే మునిగాయి. అది మంచినీరే కాబట్టి ఇనుముని అంత తినదు గానీ, ఒండ్రు వైరింగ్‌లోకి, బేరింగుల్లోకి చేరుతుంది. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి. లోపలి భాగంలో మట్టి చార ఉంటే అనుమానించాల్సిందే. సీటు బోల్టులకు తుప్పు, ఫ్యూజు బాక్సులో పచ్చటి చిలుము, హెడ్‌లైట్ లోపల మట్టి గీత, ఇవీ చూడాలి. వెనక ఇరుసు గేర్లుండే హౌసింగ్ ఆయిల్ కొంచెం తీయించి చూస్తే, నీరు చేరిన ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటుంది.

నిరుడు మా తోడల్లుడు బండి కొంటానంటే నేనే వెంట తిరిగాను. నాలుగు బండ్లు వద్దనుకుని అయిదోది తీసుకున్నాం. అమ్మేవాళ్లకి ముందే ఫోన్ చేసి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పేవాళ్లం. పొద్దున్నే వెళ్లి ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూసేవాణ్ని. వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. వేడెక్కిన ఇంజిన్ తన రోగం చాలావరకు దాచేస్తుంది. చల్లటి ఇంజిన్ సెల్ఫ్ కొట్టగానే అందుకోవాలి. చలికాలం పొద్దున్న కాసేపు తెల్లపొగ వస్తే ఫర్వాలేదు. బండి వేడెక్కాక కూడా వస్తూంటే ఇంజిన్‌లోకి నీరు దిగుతోందని అర్థం. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోందని.

తర్వాత గోనెపట్టా పరుచుకుని, టార్చి, స్క్రూడ్రైవర్ పట్టుకుని బండి కిందికి దూరేవాణ్ని. కొత్త నల్లరంగు కనిపిస్తే అక్కడే ఎక్కువసేపు చూడాలి. స్క్రూడ్రైవర్ పిడితో తడితే మంచి ఇనుము గంటలా మోగుతుంది, తుప్పు తిన్నది డొక్కు డబ్బాలా పలుకుతుంది. బ్రేక్ పైపులు, కమాన్ల కొక్కేలు, క్యాబిన్ వెనక ట్రాలీ మొదలయ్యే చోట ఛాసీ, ఈ మూడూ వదలకూడదు. ఓవర్‌లోడ్ తోలిన బండికి పగుళ్లు సాధారణంగా అక్కడే వస్తాయి. ఇటుక, ఇసుక తోలిన బండికి కమాన్లు వెనక్కి వంగిపోయి ఉంటాయి. ఛాసీ మీద పంచ్ కొట్టిన నంబరూ ఆర్‌సీలో నంబరూ అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. ఒక బండి దగ్గర నేను కిందికి దూరబోతుంటే అమ్మేవాడు "అంత అనుమానం ఉంటే వద్దులెండి" అన్నాడు. మేం వద్దనే అనుకుని వచ్చేశాం.

మీటర్‌లో కిలోమీటర్లు నమ్మొద్దు. డెబ్బై వేలు చూపిస్తున్న బండికి క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే లెక్క కుదరదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్యం తగ్గించే ప్రమాణం) బండ్లకు సెన్సార్లు ఎక్కువ. తాళం తిప్పగానే ఇంజిన్ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఆ లైటుని ఎవరో తీసేసి ఉంటారు.

ఖాళీ బండిని రోడ్డు మీద తోలి చూస్తే సగమే తెలుస్తుంది. మా కోనసీమలో కొండలు లేవు, ఘాట్ రోడ్లు లేవు. మాకున్న ఎత్తల్లా ఏటిగట్టూ వంతెనలే. అందుకని టన్ను సరుకు వేసి గట్టు ఎక్కించమని అడిగేవాణ్ని. సగం ఎక్కాక ఆపించి మళ్లీ కదిలించాలి. క్లచ్ పోయిందంటే ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. దిగేటప్పుడు రెండో గేరులో వదిలితే, పాడైన గేర్‌బాక్స్ అయితే గేరు తనంతట తానే ఊడి బయటికి వచ్చేస్తుంది. వెనక ఇరుసులోని క్రౌన్ గేరు శబ్దం కూడా లోడు మీదే బయటపడుతుంది. డీజిల్ ఖర్చు మేమే ఇచ్చేవాళ్లం.

కాగితాల దగ్గర ఇంకో మాట. అమ్మినవాళ్లు పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద ఖాళీగా సంతకాలు పెట్టి ఇచ్చేయడం, ఆ కాగితాలు నలుగురి చేతులు మారడం మా వైపు మామూలైపోయింది. చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా అధికారులకు తెలపాలి. పేరు మారకుండా ఆ బండి ఎవరినైనా గుద్దితే పరిహారం బాధ్యత రిజిస్టర్‌లో పేరున్న వాడిదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. అంటే ఎప్పుడో అమ్మేసిన బండి కోసం కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుంది. పాత బండ్లు అమ్మే డీలర్లు రవాణా శాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలని, బండి తమ చేతికి వచ్చినట్టు ఆన్‌లైన్‌లో తెలపాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన ఉంది. కొనేవాళ్లు ఆ పత్రం చూపించమని అడగాలి. బండి మీద ఫైనాన్స్ ఉంటే, అప్పు తీరిందని చూపే ఫారం 35 మీద ఫైనాన్స్ వాళ్ల సంతకం లేకుండా డబ్బు ఇవ్వొద్దు. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే ఎఫ్‌సీ, ఇన్సూరెన్స్ గడువులు కనిపిస్తాయి. చలాన్లు కూడా చూసుకోండి.

ఎఫ్‌సీ ఉందన్న మాట చాలామందికి పెద్ద ధైర్యం. నాకూ అదే ధైర్యం. సరుకు బండికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి ఫిట్‌నెస్ చేయిస్తారు. ఉప్పునీరు తోలే బండికి రెండేళ్లు చాలా ఎక్కువ కాలం. నా బండికి బ్రేక్ పైపు పగిలిన రోజున కూడా ఎఫ్‌సీకి ఏడు నెలల గడువు ఉంది.

చివరిగా మా ప్రాంత మార్కెట్ కమిటీలకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. నేను చెప్పినట్టు కింద పడుకుని చూడటం అందరికీ కుదరదు. పెద్ద వయసువాళ్లకి, బండి సొంతంగా కొనుక్కుంటున్న ఆడవాళ్లకి రోడ్డు పక్కన అది మరీ ఇబ్బంది. షెడ్డులో లేపించాలంటే అమ్మేవాడు ఒప్పుకోడు. మా నేలలో గుంత తవ్వితే నాలుగడుగులకే నీరు ఊరుతుంది, కాబట్టి గుంతలు పనికిరావు. అంబాజీపేట, రావులపాలెం, పాలకొల్లు లాంటి చోట్ల మార్కెట్ యార్డులో ఒక మూల, బండి ఎక్కించి కిందికి నడిచి వెళ్లి చూసేలా ఎత్తుగా సిమెంటు ర్యాంపు ఒకటి కట్టించండి. బండికి యాభై, వంద రూపాయలు రుసుం పెట్టినా ఎవరూ కాదనరు. కొనేవాళ్లకే కాదు, సొంత బండి బ్రేక్ పైపులు చూసుకోవాలనుకునే డ్రైవర్లకీ అది ఉపయోగపడుతుంది.

నా బండికి అడ్డపట్టీలు, పైపులు, కమాన్లు మార్పించడానికి రూ.1.20 లక్షలయింది. ఇంకొకరికి అంటగట్టడానికి మనసొప్పక నేనే తోలించుకుంటున్నాను, సగం లోడు మాత్రమే వేస్తున్నాం. అంబాజీపేట యార్డులో ర్యాంపు పని మొదలైతే ఇటుక, ఇసుక తోలడానికి ఆ బండిని పంపిస్తాను. సగం లోడు చొప్పున ఎన్ని ట్రిప్పులైనా సరే, కిరాయి అక్కర్లేదు.

ఇట్లు,
ఒక కొబ్బరి వ్యాపారి,
అంబాజీపేట మండలం, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా