పాత కారు చరిత్ర కొనేవారికి తెలియాలి
సంపాదకులకు నమస్కారం.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గినా, లైఫ్ ట్యాక్స్, బీమా కలుపుకుంటే కొత్త కారు ధర మా నల్లగొండలో చాలా కుటుంబాలకు ఇంకా అందడం లేదు. అందుకే సెకండ్ హ్యాండ్ కారు వైపు మొగ్గుతున్నారు. అందులో తప్పేమీ లేదు. ఒకే యజమాని జాగ్రత్తగా వాడుకున్న నాలుగైదేళ్ల కారు దొరికితే అంతకన్నా మంచి బేరం ఉండదు. ఇబ్బందల్లా ఆ కారుకు గతంలో ఏం జరిగిందో కొనేవారికి తెలిసే దారి సరిగా లేకపోవడమే.

మా బావమరిది రెండేళ్ల కిందట హైదరాబాద్ నుంచి అటువంటి కారొకటి తెచ్చుకున్నాడు. రంగు మెరిసిపోతున్నది, మీటరులో రీడింగ్ తక్కువ, ధర కూడా మిగతా చోట్ల కన్నా తక్కువే. రెండు నెలలకే కిటికీ అద్దాలు దిగడం మానేశాయి. ఒక రాత్రి పిల్లలతో వస్తుండగా నార్కట్‌పల్లి దాటాక హెడ్‌లైట్లు ఒక్కసారిగా ఆరిపోయాయి. మెకానిక్ సీట్లు విప్పి, కింద పరిచిన కార్పెట్ ఎత్తి చూస్తే సీటు పట్టాలకు తుప్పు, వైర్ల సందుల్లో ఎండిన ఒండ్రు కనిపించాయి. అది ఎప్పుడో వరదలో మునిగిన కారు. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీల్లో కార్లు నీటిలో తేలడం మనమంతా చూశాం. అవన్నీ ఆ తర్వాత ఎవరి ఇళ్లకు చేరాయో ఆలోచిస్తే భయం వేస్తుంది.

అప్పటి నుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే: కారును పగటి వెలుతురులో, మనకు తెలిసిన మెకానిక్‌తో కలిసి చూడాలి. సీటు బెల్టును చివరిదాకా లాగితే నీటి మరక దాగదు. స్టెప్నీ గుంతలో తుప్పు ఉందేమో చూడాలి. బానెట్ బోల్టులపై రంగు చెదిరి ఉంటే దాన్ని ఎందుకు విప్పారో అడగాలి. టైరు అంచున ఉండే నాలుగు అంకెలు అది ఏ సంవత్సరం ఏ వారంలో తయారైందో చెబుతాయి. విజయవాడ హైవే మీద తిరగాల్సిన మనం భద్రతను మాత్రం బేరంలో వదులుకోకూడదు. ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి అయ్యింది 2022 నుంచే కాబట్టి, కాస్త ఎక్కువైనా ఆ తర్వాత తయారైన కారు తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. ఫైనాన్స్ బాకీ తీరినట్టు ఎన్‌వోసీ చేతికి రానిదే డబ్బు మొత్తం ఇవ్వరాదు.

అయితే భారమంతా కొనేవారి మీదే వేయడం న్యాయం కాదు. పాత వాహనాలు అమ్మే డీలర్లు రవాణా శాఖ నుంచి అధికార పత్రం పొందాలన్న కేంద్ర నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచే అమలులోకి వచ్చాయి. మన జిల్లాలో అటువంటి పత్రం ఉన్న డీలర్లు ఎవరో రవాణా శాఖ కార్యాలయం బోర్డు మీద ప్రకటించాలి. ప్రమాదం గానీ వరద గానీ జరిగి బీమా సొమ్ము పొందిన కారైతే ఆ విషయాన్ని అమ్మేవారు రాతపూర్వకంగా తెలిపేలా చూడాలని, బీమా కంపెనీల దగ్గర ఉండే ఆ వివరాలు బండి నంబరు కొడితే కొనేవారికి కనిపించేలా ఏర్పాటు చేయాలని అధికారులను కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ