మా ఇసుక లెక్క మా భాషలో చెప్పించండి

అణుశక్తి విభాగం బాధ్యతలు చూసే కేంద్ర సహాయ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో కెమిస్ట్రీ చెబుతాను. గోపాల్‌పూర్ తీరంలోని నోలియా (చేపలు పట్టే) కుటుంబాల పిల్లలు నా క్లాసులో ఉన్నారు. వాళ్లకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మొన్న ఆవర్తన పట్టిక అడుగున విడిగా ఉండే వరుస చెబుతుంటే ఒకమ్మాయి అడిగింది: "రేర్ ఎర్త్ అంటే అరుదైనది కదా మాస్టారూ, మరి మా ఒడ్డున ఇసుకలో ఎందుకుంది?"

రేర్ ఎర్త్స్ అంటే కొన్ని లోహాల గుంపు: లాంథనం నుంచి లుటీషియం దాకా 15, స్కాండియం, యిట్రియం కలిపితే 17. పేరుకే అరుదు. భూమి పైపొరలో సీరియం ఇంచుమించు రాగి ఉన్నంత ఉంది. కష్టమంతా విడదీయడంలోనే. గుణాల్లో ఒకదానికీ పక్కదానికీ వెంట్రుకవాసి తేడా. అందుకే ద్రావణాలతో వందల దశల్లో వేరుచేయాలి.

ఒడ్డున నల్లగా మెరిసేది ఇల్మనైట్ అనే టైటానియం ఖనిజం. రేర్ ఎర్త్స్ ఉండేది తేనెరంగు మోనజైట్ గింజలో, అది ఇసుకలో కొంచెమే. ఛత్రపురం దగ్గర మీ విభాగం కిందున్న ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ 1980ల నుంచి ఈ ఖనిజాలను వేరుచేస్తోంది. మోనజైట్‌లో ఎక్కువగా దొరికేవి తేలిక రకాలు. వాటిలో ఒకటైన నియోడిమియంతో చేసిన అయస్కాంతాలు ఎలక్ట్రిక్ బండి మోటార్లలో, ఫోన్ స్పీకర్లలో ఉంటాయి. ఆ అయస్కాంతం వేడికి బలం కోల్పోకుండా కలిపే డిస్ప్రోసియం, టెర్బియం బరువు రకాలు, మన మోనజైట్‌లో చాలా తక్కువ. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతి ఆంక్షలు పెట్టిన ఏడింటిలో ఈ రెండూ ఉన్నాయి. మా ఇసుకతో దేశం కొరతంతా తీరిపోతుందని పిల్లలకి నేను చెప్పలేను.

అదే గింజలో రేడియేషన్ వెలువరించే థోరియం కూడా ఉంది. కాబట్టి ఆ ఒడ్డున కొంత రేడియేషన్ ఏ ఫ్యాక్టరీ రాకముందు నుంచీ ఉంది. ఈ సంగతి తెలియని తల్లికి రేడియేషన్ అన్న మాటే టెన్షన్. పిల్లలు రోజంతా ఆడేది ఆ ఇసుకలోనే, వలలు ఆరేసేదీ అక్కడే.

నా మనవి ఒక్కటే. తీరంలోని ప్రతి నోలియా ఊళ్లో, చేపలు అమ్మే చోట, తెలుగులోనూ ఒడియాలోనూ బోర్డు పెట్టించండి. ఏ ఖనిజం ఎంత తీశారు, థోరియం ఉన్న మిగులు ఎక్కడ దాచారు, తవ్విన చోట ఇసుక తిరిగి నింపారా, ఈ నెల రేడియేషన్ ఎంత, అందులో మామూలుగా ఉండేదెంత అన్నీ రాయించండి. కొలిచేటప్పుడు ఊరివాళ్లని ఇద్దర్ని పక్కన నిలబెట్టుకోండి, వాళ్ల కళ్లతో చూస్తేనే నమ్ముతారు.

వచ్చే ఏడు ఆ పాఠం మళ్లీ వస్తుంది. అప్పటికి బోర్డు ఉంటే పిల్లల్ని అక్కడికే తీసుకెళ్తాను.

ఇట్లు,
బరంపురం నుంచి ఒక కెమిస్ట్రీ మాస్టారు